నీరటి పనితనం

తెలంగాణ పల్లెల్లో చెరువు తూము ఎత్తి, ఆయకట్టులోని మడులకు వంతుల ప్రకారం నీరు పారించే గ్రామసేవకుణ్ణి నీరటి అంటారు. వాననీరు నేలపై ఎలా నడుస్తుందో, ఎక్కడ నిలుస్తుందో పరిశీలించే జలవిజ్ఞానాన్ని కట్టమీది నడకతోనే అభ్యసించిన వృత్తి అది.

కాకతీయుల కాలంలో విస్తరించిన గొలుసుకట్టు చెరువుల్లో, ఎగువ చెరువు నిండి మత్తడి, అంటే అదనపు నీరు పొర్లిపోయే కట్టడం, దూకినప్పుడు ఆ నీరు వాగు వెంట దిగువ చెరువుకు చేరుతుంది కనుక, ఒక ఊరి నీరటి చూపే జాగ్రత్త కింది ఊళ్లన్నిటికీ రక్షణ అవుతుంది. కట్ట వెలుపలి వాలు అడుగున ఊట కనిపించినప్పుడు అతని నేర్పు తేటతెల్లమవుతుంది: ఊటనీరు తేటగా ఉంటే అది మామూలు చెమ్మ కావచ్చు గాని, మట్టిరంగుకు తిరిగితే కట్ట లోపలి మన్ను కొట్టుకుపోయి బుంగ పడుతున్నదని గ్రహించి, గండి పడకముందే అతడు ఊరిని కూడగడతాడు.

కడప జిల్లాలోని పోరుమామిళ్ల చెరువు శాసనం (1369) మంచి చెరువుకు 12 అంగాలను, 6 దోషాలను చెబుతూ, కట్ట నుంచి నీరు ఊరడాన్ని దోషాల్లో చేర్చిందంటే, నీరటి చూపు ఎంత పాత విజ్ఞానానికి వారసత్వమో అర్థమవుతుంది.

చెరువులో నిలిచిన నీరు నేలలోకి ఇంకి దిగువ బావుల్లో ఊటగా తేలుతుంది. ఈ మేలు నిలిచేందుకు, 2015లో మొదలైన తెలంగాణ ప్రభుత్వ చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయ పూడిక తీయించి తూములను బాగుచేయించింది. ఆ తూములను వేళ ఎరిగి ఎత్తే, దించే మనిషికి కూడా అంతే గౌరవం, జీతం దక్కడం న్యాయం.