కాపలా లేని అతుకు

జెనీవా సమీపమున సెర్న్ సంస్థ నిర్మించిన లార్జ్ హాడ్రాన్ కొలైడర్‌లోని అతివాహక అయస్కాంతములు 1.9 కెల్విన్ శీతలములో పనిచేయును. తీగ ఎచటనైనను వేడెక్కి అతివాహకతను కోల్పోవుటను 'క్వెంచ్' అందురు. అప్పుడు అయస్కాంతములో నిలువయున్న శక్తి అంతయు ఆ ఒక్కచోటనే వేడిగా మారి తీగను కరగించివేయగలదు. కనుకనే హీటర్లతో తీగచుట్టనంతటిని ఒకేసారి వేడిచేసి వేడిని పంచుటకును, డయోడు ద్వారా ప్రవాహమును ప్రక్కకు మళ్ళించుటకును ఏర్పాట్లు చేసిరి. ఇంతవరకు రూపకల్పన మెచ్చదగినదే.

లోపము మరియొకచోట నున్నది. 2008 సెప్టెంబరు 19న, ప్రవాహము సుమారు 8,700 ఆంపియర్లు ఉండగా, రెండు అయస్కాంతములను కలుపు అతుకొకటి చెడినది. దాని నిరోధము సుమారు 220 నానోఓములని విచారణలో అంచనా వేసిరి. విద్యార్థులు లెక్కించి చూడవచ్చును: వోల్టేజి 2 మిల్లీవోల్టులకు లోపే, వేడి సుమారు 17 వాట్లు. అంతటి శీతలములో ఆ కొద్దిపాటి వేడియే ప్రమాదము. కాని అతుకులను కనిపెట్టు సాధనము 1 వోల్టు దాటినగాని మేల్కొనదు; అనగా 500 రెట్లు పెరగవలెను! అప్పటికే ఆలస్యమైనది. విద్యుత్ చాపము హీలియం పాత్రను ఛేదించినది. సుమారు 6 టన్నుల హీలియం వెలువడినది. 53 అయస్కాంతములను సొరంగమునుండి పైకి తీయవలసివచ్చినది.

అయస్కాంతముపై అంత శ్రద్ధ, అతుకుపై ఇంత ఉపేక్ష: ఇదియే ఆక్షేపణీయము. అనంతరము 0.3 మిల్లీవోల్టునకే స్పందించు ఏర్పాటు చేసి, 2009 నవంబరులో యంత్రమును తిరిగి నడిపిరి. గట్టెంత బలమైనదైనను, తూమువద్ద గండిపడిన చెరువు నిలువదు గదా!