నిరీక్షణ వెనుక శ్రమ

మాస్టొడాన్ అనే సామాజిక వేదికమీద తరచు వినవచ్చే ఫిర్యాదు వొకటున్నది: కొత్త రూపం విడుదలై నెలలు గడిచినా తమ సర్వరుకు రాలేదని. ఫిర్యాదు అబద్ధం కాదు. కాని ఆ గొంతు మాత్రం, డబ్బిచ్చి కొన్న సరుకు సమయానికి చేరని కొనుగోలుదారుది.

2016లో జర్మనీలో యూజెన్ రోచ్కో ప్రారంభించిన ఈ వ్యవస్థకు మొత్తానికీ వొక యజమాని లేడు. ఎవరి సర్వరు వారిదే. ఉమ్మడి నియమావళి వొకటి వాటిని కలుపుతున్నది. కనుక ప్రోగ్రాం తయారు కావటం వేరు, అది మన సర్వరు మీదికి ఎక్కటం వేరు. ఆ రెండో పని చేసేది, చాలాచోట్ల, పగలు ఉద్యోగం చేసుకుని రాత్రి కూర్చునే వొక స్వచ్ఛంద నిర్వాహకుడు.

ఇతరుల మాటను ఉటంకిస్తూ వ్యాఖ్యానించే సౌకర్యాన్నే చూడండి. అది ఎగతాళికి సాధనమవుతుందని 2018లో రోచ్కో వద్దన్నాడు. చివరికి 2025 నవంబరులో, 4.5వ రూపంతో వచ్చింది. తన మాటను ఎవరు ఉటంకించవచ్చునో రాసినవారే నిర్ణయించే హక్కుతో వచ్చింది. (మన సాహిత్య వివాదాల్లో ఈ హక్కు ఎవరికుండేది?) ఆ ఏళ్ళు వ్యర్థమని నేననను.

అయితే నిరీక్షణ అంతా ఇట్లా ఫలించదు. ఇతర సర్వర్లవారి పేరు పెట్టుకుని మాట్లాడగల లొసుగుకు 2024 ఫిబ్రవరి 1న సవరణ విడుదలైంది. నిర్వాహకులకు వ్యవధి దొరకాలని, వివరాలు 15వ తేదీదాకా గుప్తంగా ఉంచారు. ఆ రెండు వారాల్లో నిర్వాహకుడు జ్వరపడిన సర్వరు గతేమిటి?

యజమాని లేని సమాజమని మన మిత్రులు కొందరు దీన్ని కీర్తిస్తున్నారు. దీని లైసెన్సు ప్రోగ్రామును చదివే, మార్చే హక్కు అందరికీ ఇస్తున్నది. వొక్క గంట తీరికైనా ఇవ్వదు. సర్వరు అద్దె ఎవరు కడుతున్నారో, నిర్వాహకుడు మంచాన పడితే తాళంచెవి మరెవరి దగ్గరున్నదో ఆ కీర్తనల్లో ఎక్కడా కనపడదు.