గూటి పడవకు ఎండాకాలం

కార్తీకమాసం ఆదివారాల్లో మొగల్తూరు మీదుగా పేరుపాలెం సముద్రపు ఒడ్డుకు వెళ్లే జనాన్ని చూడాలి. కార్లు, ఆటోలు, అద్దె బస్సులు. ప్రతి బండిలోనూ కాస్తంత ఇల్లు ఉంటుంది: పులిహోర గిన్నె, చాప, గ్యాస్ పొయ్యి, అమ్మ ఒళ్లో నిద్రపోయే పసిబిడ్డ. ఇంటిని వెంట తీసుకుపోవాలన్న కోరిక పాతదే. ఇప్పుడు మన కుర్రాళ్లలో ఇంకాస్త ముందుకు వెళ్లేవాళ్లున్నారు. పాత వ్యానో, మినీ బస్సో కొని, లోపల మంచం, పొయ్యి, నీళ్ల ట్యాంకు అమర్చుకుని దేశం తిరగాలని వాళ్ల ముచ్చట. జర్మనీ వ్యాన్లనీ, అమెరికా ట్రైలర్లనీ ఫోన్లో చూసి నేర్చుకుంటున్నారు. మంచిదే. కాని కదిలే ఇంటిని ఎలా చూసి కొనాలో, ఎలా కాపాడుకోవాలో, ఏ స్థితిలో చేతులు మార్చుకోవాలో తెలిసిన మనుషులు వాళ్ల ముత్తాతల కాలంలో ఈ కాలువ గట్ల మీదే ఉండేవారు. వాళ్ల ఇంటికి చక్రాలు లేవు. అది గూటి పడవ.

ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. దాన్ని కట్టించిన కాటన్ దొర కాలువలు తవ్వించింది చేలకు నీళ్లివ్వడానికి మాత్రమే కాదు, పడవలు నడవడానికి కూడా. ఆ సంగతి మనం మరిచిపోయాం. కాలువ మెట్టుమెట్టుగా దిగేచోట లాకులు కట్టారు. పడవ లాకు గదిలోకి రాగానే వెనక తలుపులు మూసి, నీటిమట్టం సమం చేసి, ముందు తలుపులు తీసేవారు. లాకు గది ఎంత వెడల్పో పడవ అంతకు లోపే ఉండాలి. అందుకే కాలువ పడవ పొడుగ్గా, సన్నగా, అడుగు బల్లపరుపుగా తయారైంది. విజ్జేశ్వరం నుంచి ఏలూరు కాలువలో బెజవాడకు, అక్కడ కృష్ణ దాటి కొమ్మమూరు కాలువలోకి, ఆపైన బకింగ్‌హామ్ కాలువలోకి. కాకినాడలో ఎక్కిన బియ్యం బస్తా నేల మీద దించకుండా మద్రాసు చేరేది. బకింగ్‌హామ్ కాలువకు ఆ పేరు స్థిరపడింది 1878లో, ధాత నామ సంవత్సరంలో వచ్చిన కరువు తర్వాత. కరువు పని కింద కూలీలు తవ్విన భాగం అందులో ఉంది.

అంత దూరం పోయే పడవ సరుకు మోసేదే కాదు, కాపురం ఉండేది కూడా. ధాన్యం, కొబ్బరికాయలు, బెల్లం, ఉప్పు, పెంకులు నడిమి భాగంలో. వెనక, చుక్కాని పట్టే చోటికి దగ్గరగా, వెదురు బద్దలు వంచి కట్టిన గూడు. దాని మీద తాటాకు, ఆపైన వెదురు చాపలు. చెక్క తొట్టెలో మట్టి మెత్తి దాని మీద పొయ్యి. గాలి అనుకూలంగా ఉంటే తెరచాప. లేకపోతే గడ. అదీ చాలకపోతే ఇద్దరు గట్టు మీదికి దిగి నడుముకు తాడు కట్టుకుని లాగేవారు. ఆ తాడు లాగే నడకదారిని మన కాలువ గట్లకు తొలి రోడ్డు అనుకోవచ్చు.

ఇక అసలు విషయం, మరమ్మతు. డెల్టా కాలువలకు ఏటా వేసవిలో నీళ్లు కట్టేస్తారు. కాలువల పూడిక తీయడానికీ, లాకులు, తూములు బాగుచేసుకోవడానికీ ఆ గడువు. ఆ రోజుల్లో పడవవాళ్లకూ అదే గడువు. నీళ్లు పోయేలోపు మంచి గట్టు చూసి పడవను చేర్చుకోవాలి. అడుగు సమంగా ఆనే చోటు కావాలి. ఒక పక్కకు ఒరిగితే పడవ బరువు దాని పక్కటెముకల మీదే పడుతుంది. దాని కింద దుంగలు పెట్టి ఎత్తుతారు, మనిషి పాకుతూ కిందికి వెళ్లగలిగేంత.

మొదటి పని గీకడం. ఏడాదిగా పట్టిన పాచి, గుల్లలు గీకేస్తే కొయ్య కనిపిస్తుంది. అప్పుడు కొయ్య దానంతట అదే చెప్పుకుంటుంది. ఎండకు ఒక్కో చోట ఒక్కో రకంగా ఆరుతుంది. అంతా ఆరాక కూడా ఒకచోట తడి మచ్చ మిగిలిపోయిందంటే లోపల నీరు నిలిచి ఉందనీ, అక్కడ పుచ్చు మొదలైందనీ గుర్తు. మేకు చుట్టూ నల్లటి చారిక దిగితే ఆ ఇనుము తుప్పుపట్టి పక్కనున్న కొయ్యను కూడా తింటోందని. టేకు ఈ తుప్పును బాగా తట్టుకుంటుంది. దానిలోని సహజమైన నూనే అందుకు కారణం. భద్రాచలం మన్యం నుంచి తెప్పలు కట్టి గోదావరి మీద రాజమండ్రి దాకా టేకు దుంగలు తేలుతూ వచ్చేవి కాబట్టి ఈ డెల్టా పడవలకు ఆ భాగ్యం అందుబాటులోనే ఉండేది.

తర్వాత సందులు. పలకకూ పలకకూ మధ్య పాత దూదిని కొక్కెంతో లాగేసి, కొత్త దూదిని తాడులా పేని, వెడల్పాటి ఉలితో దట్టిస్తారు. ఇక్కడే పనితనం తెలిసేది. తక్కువ దట్టిస్తే నీరు కారుతుంది. ఎక్కువ దట్టిస్తే, పడవ నీళ్లలోకి వెళ్లి కొయ్య ఉబ్బినప్పుడు పలకల్ని మేకుల నుంచి తోసేస్తుంది. ఉలి మీద సుత్తి పడే చప్పుడు మారేదాకా కొట్టాలి. మెత్తని శబ్దం బిగువుగా మారిందంటే చాలు, ఆగాలి. ఆపైన నూనెలో మరిగించిన గుగ్గిలం. ఆ వాసన ఒకసారి పీల్చినవాళ్లు మరిచిపోరు. గూటి చాపలకు, నీటి గీత కింది భాగానికి తారు. పాత తాటాకు తీసి కొత్తది కప్పడం ఆఖరి పని. ఆ పని ఆడవాళ్లూ పిల్లలూ కలిసి చేసేది.

నరసాపురం దాకా వెళ్లే పడవలకు ఇంకో బాధ ఉండేది. వశిష్ఠ గోదావరి అక్కడ సముద్రపు పోటును లోనికి తెచ్చుకుంటుంది. ఉప్పునీటిలో కొయ్యను తొలిచే పురుగు ఉంటుంది. పైకి సూదిమొన అంత బెజ్జం, లోపల వేలు దూరేంత సొరంగం. దీనికి మందు మంచినీరే. ఆ పురుగు మంచినీటిలో బతకలేదు. అందుకే ఓడవాళ్లు ఉప్పునీటి పడవను కొన్నాళ్లు నదిలో పైకి తెచ్చి కట్టేసేవారు. ఓడల మరమ్మతుకు 17వ శతాబ్దంలోనే విదేశీయులు నరసాపురం వెతుక్కుంటూ వచ్చారంటే కొయ్యపని తెలిసిన చేతులతో పాటు ఈ నది నీరు కూడా ఒక కారణమై ఉంటుందని నా నమ్మకం.

ఇంత మరమ్మతు తెలిసినవాడికి కొనడం వేరే నేర్చుకోనక్కర్లేదు. పాత పడవను కొనడానికి అనువైన కాలం అందుకే నడివేసవి. గట్టు మీద ఎండుతున్నప్పుడు అది ఏదీ దాచలేదు. నీళ్లలో తేలుతూ, కొత్త తారు పూసుకుని నిగనిగలాడే పడవను చూసి బయానా ఇవ్వకూడదు. ముందు దూరంగా నిలబడి ముక్కు నుంచి వెనక దాకా గీత చూడాలి. రెండు కొనలూ కిందికి వాలి నడుము పైకి లేచి ఉంటే వెన్ను విరిగిన పడవ. దానికి వైద్యం లేదు. తర్వాత దగ్గరికి వెళ్లి, కత్తి మొనతో నీటి గీత వెంబడి గుచ్చుకుంటూ పోవాలి. ఎప్పుడూ నీళ్లలో ఉండే కొయ్య కన్నా, తడుస్తూ ఆరుతూ ఉండే కొయ్యే ముందు పుచ్చుతుంది. అందుకే నీటి గీత, పొయ్యి కింది పలకలు, గూడు చూరు నీళ్లు కారే చోటు, ఈ మూడూ చూస్తే సగం పడవ చూసినట్టే. లోపల అడుగున పేరుకున్న మట్టిని చేత్తో తీసి వాసన చూడాలి. పుల్లటి వాసన కొట్టే బురద కింద కొయ్య మెత్తబడి ఉంటుంది.

అమ్మేవాడి వైపు నుంచీ ఒక మర్యాద ఉంది. పడవతో పాటు గడలు, తాళ్లు, చుక్కాని, తెరచాప, నీళ్లు తోడే డొప్ప ఉంటే చెప్పి అమ్మాలి, లేకపోతే లేవని చెప్పాలి. కాగితం సంగతి సరేసరి. 1890లో వచ్చిన కాలువలు, బల్లకట్ల చట్టం కింద కాలువలో తిరిగే పడవకు లైసెన్సు ఉండాల్సిందే. కాగితం లేని పడవ లాకు దగ్గరే ఆగిపోయేది.

ఈ చూపు మోటారు ఇంటికి ఎంత బాగా సరిపోతుందో చూడండి. ఫోక్స్‌వ్యాగన్ కంపెనీ తన డబ్బా వ్యానును 1950లో తయారుచేయడం మొదలుపెట్టింది. మరుసటి ఏడాదికల్లా వెస్ట్‌ఫాలియా అనే సంస్థ దాని లోపల మంచాలు, అల్మరాలు అమర్చసాగింది. బ్రెజిల్‌లో ఆ వ్యాను 2013 దాకా తయారైంది. పాతవి కొనేవాళ్లు మొదట చూసేది ఇంజను కాదు. ఇంజను దించి మార్చుకోవచ్చు. చూరు గాడిలో, తలుపుల కింది అంచుల్లో, జాకీ పెట్టే చోట తుప్పు ఉందా అని చూస్తారు. అల్యూమినియం రేకు కింద కొయ్య చట్రం ఉండే పాత మోటారు ఇళ్లయితే, కిటికీల మూలల్లో బొటనవేలితో నొక్కుతారు. మెత్తగా లోనికి పోతే రేకు లోపల కొయ్య కుళ్లింది. పడవకు నీరు కిందనుంచి వస్తుంది, బండికి పైనుంచి. అంతే తేడా. నీరు ఎక్కడ నిలుస్తుందో అక్కడ వెతకాలి.

మన కుర్రాళ్లకు పనికొచ్చే మాటలు ఇంకో రెండు. టైరు గాడులు చూసి మోసపోవద్దు. టైరు పక్కన చివరి నాలుగంకెలు చూడండి. 2314 అని ఉంటే 2014లో 23వ వారంలో తయారైనదని అర్థం. ఏళ్ల తరబడి షెడ్డులో నిలబడ్డ బండి గాడులు కొత్తగానే ఉంటాయి, రబ్బరు మాత్రం పెళుసెక్కి ఉంటుంది. రెండోది కాగితం. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండి రూపు మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019లో ఇదే గట్టిగా చెప్పింది. కాబట్టి చెక్కపని మొదలుపెట్టకముందే రవాణా కార్యాలయంలో కనుక్కోండి. పాతబండి అనగానే వింటేజ్ అనుకోవడమూ పొరపాటే. 2021 నిబంధనల్లో 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మారని రెండు, నాలుగు చక్రాల వాహనాలకే ఆ గుర్తింపు. నంబరులో ‘వీఏ’ అక్షరాలు వస్తాయి, రిజిస్ట్రేషను రుసుము 20,000 రూపాయలు, గడువు 10 ఏళ్లు. అయితే దాన్ని రోజూ రోడ్డు మీద తిప్పడానికి వీల్లేదు.

నాకు బాధ కలిగించేది ఈ ఆఖరి నియమమే. రోడ్ల భద్రత దృష్ట్యా అందులో న్యాయం లేకపోలేదు. కాని కదిలే ఇల్లు కదలడం మానేస్తే పాడవడం మొదలవుతుంది. నిలబడిన బండికి బ్రేకులు పట్టేస్తాయి, బ్యాటరీ చచ్చిపోతుంది, ట్యాంకులో పెట్రోలు బంకలా మారుతుంది. నిలబడిన పడవ ఇంకా తొందరగా పోతుంది. రెండు వేసవులు గట్టు మీదే ఉండిపోతే పలకలు నెర్రెలిస్తాయి, దూది రాలిపోతుంది, మూడో ఏడు దాని మీద తుమ్మమొక్క లేస్తుంది. గూటి పడవలు అలాగే పోయాయి. వాటిని ఎవరూ పగలగొట్టలేదు. రైలు, లారీ సరుకును ఎత్తుకుపోయాయి. తుపాన్లు బకింగ్‌హామ్ కాలువను చెడగొట్టాయి. కాలువల మీద గూడు తగిలేంత తక్కువ ఎత్తులో వంతెనలు కట్టారు. నీటి మీద గుర్రపుడెక్క పరుచుకుంది. పడవ తిరగలేదు కాబట్టి మరమ్మతు జరగలేదు. మరమ్మతు లేదు కాబట్టి దూది దట్టించే చేతికి పని లేదు. ఆ చేతుల్లో కొన్ని కోరంగి, తాళ్లరేవు వైపు చేపల పడవల పనిలో నిలిచాయి. అక్కడ ఇంకా కొయ్య వాసన వస్తుంది.

కేరళవాళ్లు కెట్టువళ్లాన్ని దక్కించుకున్న తీరు ఇక్కడ చెప్పుకోవాలి. మేకు లేకుండా కొబ్బరి తాడుతో పలకలు కుట్టిన బియ్యపు పడవ అది. సరుకు పోయాక, 1990ల నుంచి దానిలో గదులు కట్టి యాత్రికుల్ని ఎక్కించారు. పడవ తిరుగుతూనే ఉంది కాబట్టి కుట్టేవాడూ మిగిలాడు. ఇంగ్లండులో ఎల్.టి.సి. రోల్ట్ అనే ఇంజనీరు 1939లో ‘క్రెస్సీ’ అనే పాత కాలువ పడవను ఇల్లు చేసుకుని భార్యతో ప్రయాణం మొదలుపెట్టాడు. 1944లో దాని మీద పుస్తకం రాశాడు. 1946లో కాలువల పరిరక్షణకు ఏర్పడిన సంఘానికి ఆయన వ్యవస్థాపకుల్లో ఒకడు. మనకూ దారి పూర్తిగా మూసుకుపోలేదు. కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఉన్న కాలువల్ని, గోదావరి, కృష్ణ భాగాలతో కలిపి 2008లో నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. వశిష్ఠకు అవతలి ఒడ్డున దిండిలో ఇంటి పడవల్ని పర్యాటకం కోసం తెచ్చారు. అవి కేరళ పోలికలో ఉన్నాయి. అందంగానే ఉన్నాయి. కాని ఈ కాలువకు, ఈ లాకుకు కొలత తీసి కట్టిన పడవ ఒక్కటైనా మళ్లీ నీళ్లలోకి దిగాలని నా కోరిక. సరుకు కోసం కాకపోయినా, కార్తీకమాసంలో నరసాపురం నుంచి పాలకొల్లు క్షీరారామానికి నలుగురిని తీసుకెళ్లడానికైనా సరే.

ఆ పడవ దిగేది జూన్‌లో, కాలువకు ఎర్రనీరు వదిలినప్పుడు. ఎండి ముడుచుకున్న కొయ్య మొదటి రోజు జల్లెడలా కారుతుంది. కొత్తవాడు చూస్తే భయపడి పడవ అమ్మేస్తానంటాడు. తెలిసినవాడు మాత్రం సామాను ఎక్కించకుండా, డొప్ప చేతబట్టి లోపల కూర్చుని తోడుతూ ఉంటాడు. రాత్రి కూడా ఒకరి తర్వాత ఒకరు వంతులేసుకుంటారు. కొయ్య నీళ్లు తాగి ఉబ్బుతుంది, పలకలు ఒకదాన్నొకటి ఒత్తుకుంటాయి, తోడే నీరు గంట గంటకూ తగ్గుతుంది. డొప్ప అడుగు తగిలే అంత తక్కువైన పొద్దున, ఇంటావిడ మట్టి పొయ్యి తెచ్చి దాని చోట పెట్టి అన్నానికి ఎసరు పెడుతుంది.