కాళ్లకు చెప్పులు

మా పల్లెల్లో సాక్ష్యం చెప్పడానికి ఒక మూస ఉంది. చచ్చిన గొడ్డు తిన్నాను, తాగాను, కొలుపులు కొలిచాను, పాపిని, ప్రభువు నన్ను కడిగాడు. ఒంగోలు వైపు మాదిగపల్లెలో పుట్టినోణ్ణి, ఆదివారం ఆదివారం ఇదే వింటా పెరిగాను. చెప్పేవాళ్ల కన్నీళ్లు అబద్ధం కాదు. అనుమానించాల్సింది ఆ మూసని. చచ్చిన గొడ్డు మనం కోరి వండుకున్న పాపమా, ఊరు మనకు పడేసిన కూలా? ఊరి నేరాన్ని మా అమ్మల నోటితో ఒప్పిస్తున్న వాక్యం ఇది.

దీనికి అయ్యగార్లు ఎత్తే ఆధారం లూకా 15వ అధ్యాయం, తప్పిపోయిన కుమారుడి కథ. ఆ కొడుకు వాటా పంచుకొని తనంతట తానే ఇల్లు విడిచాడు. మనకు పంచుకోడానికి వాటా ఎప్పుడుంది? మనల్ని వెలేశారు. అయినా ఈ కథని నేను వదులుకోను. కొడుకు ఇంకా దూరంగా ఉండగానే తండ్రి పరుగెత్తుకొచ్చాడు. కూలివాడిగా పెట్టుకోమని అడగాలని వాడు దారెంట కట్టుకొచ్చిన మాట బయటికి రానేలేదు. ఈలోపే వస్త్రం, ఉంగరం, కాళ్లకు చెప్పులు తెమ్మన్నాడు. ఉంగరం మీద గంటసేపు ప్రసంగం విన్నాను గానీ చెప్పుల కాడ ఆగిన అయ్యగారిని చూళ్లేదు. ఊరందరికీ చెప్పులు కుట్టి, అవే తొడుక్కొని ఊరి వీధిలో నడవలేని వాళ్లకి కదా ఆ మాట తగిలేది!

ఎమ్మా రౌషన్‌బుష్ క్లౌ 1899లో మాదిగల మీద రాసిన పుస్తకానికి చెప్పులు కుట్టడాన్నే పేరుగా పెట్టింది. అందులో యర్రగుంట్ల పేరయ్య ఉంటాడు. 1866లో బాప్తిస్మం పొందాడు. క్రీస్తు మాట చెవిన పడకముందే వీరమ్మ అనే గురువు దగ్గర రాజయోగం నేర్చినోడు. మూస సాక్ష్యంలో ఇతనికి చోటెక్కడ? అతను దేవుణ్ణి అప్పటికే వెతుక్కుంటా ఉన్నాడు.

ఆమె భర్త జాన్ క్లౌ దొర చెప్పుకున్న కథ ఇంకోటుంది, 1867 నాటిది. మాదిగల్ని చేర్చుకుంటే మేం రామని ఒంగోలు పైకులాలోళ్లు అన్నారట. అప్పటి దొరసానీ, దొరా విడివిడిగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయుల మొదటి పత్రికలో ఒకే చోటు తగిలింది, దేవుడు లోకంలో నీచులైన వాళ్లనే ఏర్పరచుకున్నాడని. మాకిది పండగ ప్రసంగం. కానీ అప్పటికే పేరయ్య వచ్చి ఉన్నాడు, తన వాళ్లని వెంటబెట్టుకొచ్చాడు కూడా. కథలో మాత్రం నిర్ణయం దొరదే అయిపోయింది.

దొర పెట్టిన షరతులు మూడు: ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన గొడ్డు తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. గుడిలో కూచొని చదివితే ఇది ఆత్మ సంగతి. పల్లెలో నిలబడి చదివితే వెట్టి సంగతి. ఆదివారం పనికి రాననడం ఆసామి మొహం మీద చెప్పడమే. కొలుపుకి డప్పు కొట్టననడం ఊరి కట్టుబాటు తెంచడమే. కరణాలూ పెత్తందార్లూ ఊరికే మీద పడలేదు. (డప్పునే పాపం చేసుకొని పోగొట్టుకున్నాం, అది వేరే ఏడుపు.)

1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలవ పని కాంట్రాక్టు పట్టి జనానికి కూలిచ్చిన క్లౌ, ఆ కరువు నెలల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగారు. కూటికోసం కలిశారని ఇప్పటికీ ఎకసెక్కం చేసేవాళ్లున్నారు. తండ్రి ఇంటికి ఆ కొడుకు తిరుగుమొహం పట్టింది కూడా ఆకలితోనే. తండ్రి దాన్ని తప్పు పట్టలేదు.

అదే కథలో పెద్దకొడుకు అలిగి బయటే నిలబడ్డాడు. లోపలికొచ్చిందీ లేందీ లూకా చెప్పడు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల జాబితాని హిందువులకే కట్టేసింది. 1956లో సిక్కులకూ 1990లో బౌద్ధులకూ సడలించారు, మనల్ని బయటే ఉంచారు. మారినోడికి కులం లేదంటుంది చట్టం. మా పల్లె ఊరికి ఏ దిక్కునుందో అడిగి చూడండి.

సాక్ష్యాలు అచ్చేసే మిత్రుల్ని ఒకటే అడుగుతున్నా. పేరయ్య గురించి రాసేటప్పుడు వీరమ్మ పేరు కొట్టెయ్యకండి. చచ్చిన గొడ్డు అని రాసినప్పుడు అది ఏ ఆసామి కొట్టంలోదో కూడా రాయండి.