గడ్డం సాక్ష్యమవుతుందా?

సిగరెట్ మానేస్తే అనుమానం. జూదం మానేస్తే అనుమానం. గడ్డం పెంచితే మరీ అనుమానం. ఇది ఎవరో అరుగు మీద కూర్చుని అన్న మాట కాదు. 2007లో న్యూయార్క్ నగర పోలీసు శాఖ అచ్చేసిన నివేదికలోని లెక్క. మిచెల్ సిల్బర్, అర్విన్ భట్ అనే ఇద్దరు విశ్లేషకులు రాశారు. పశ్చిమ దేశాల్లో పుట్టి పెరిగిన ముస్లిం కుర్రాళ్లు హింసావాదులుగా ఎలా మారతారో చెప్తామన్నారు. మా ఇళ్లలో కొడుకు సిగరెట్ మానేస్తే అమ్మీ రెండు రకాతుల షుక్రానా నమాజు చదువుతుంది. అక్కడ అదే పోలీసు ఫైలుకు మొదటి కాగితం.

ఈ నివేదికను మేం కోపంతో కాక ఓపికతో చదవాలనుకున్నాం. ఎందుకంటే అది అడిగిన ప్రశ్న అబద్ధం కాదు. 2004లో మాడ్రిడ్ రైళ్లలో, 2005లో లండన్ మెట్రోలో, బస్సులో చచ్చిపోయిన మనుషులు నిజం. చంపినవాళ్లు మా పేర్ల లాంటి పేర్లున్నవాళ్లన్నదీ నిజం. ప్రశ్న అడగొద్దని మేం అనం. జవాబు ఎట్లా వెతికారన్నదే మా పేచీ.

నివేదిక నాలుగు మెట్లు కట్టింది. మొదట మామూలు బతుకు. తర్వాత ఉద్యోగం పోవడమో, ఇంట్లో చావో, అవమానమో తగిలి మతం వైపు తిరగడం. తర్వాత బోధ తలకెక్కడం. చివర హింసకు తెగించడం. అందరూ చివరి మెట్టు దాకా పోరని వాళ్లే ఒప్పుకున్నారు. ఒప్పుకుని మళ్లీ మొదటి మెట్ల దగ్గరే కాపలా కాయమన్నారు.

ఎక్కడ తప్పిందో చెప్పడానికి పెద్ద చదువులక్కర్లేదు. వాళ్లు తీసుకున్నవి పదీ పరకా కేసులు. అన్నీ నేరం బయటపడ్డాక వెనక్కి తిరిగి చూసినవే. అలా చూస్తే గడ్డం కనపడింది, మసీదు కనపడింది. గడ్డం పెంచి, మసీదుకు పోయి, సాయంత్రం దుకాణం తెరుచుకున్న లక్షల మంది సంగతేమిటి? వాళ్లను లెక్కలోకే తీసుకోలేదు. దొంగతనం చేసినవాళ్లందరూ అన్నం తిన్నవాళ్లేనని తేల్చి, అన్నం తినేవాళ్ల మీద నిఘా పెట్టడం లాంటిదే ఇది.

అదే శాఖలో అప్పటికే ఒక విభాగం మసీదులనూ, చాయ్ హోటళ్లనూ, పుస్తకాల షాపులనూ పటం గీసి గమనిస్తోంది. ఆ మాటల పోగులోంచి ఉగ్రవాద దర్యాప్తుకు దారి తీసిన ఆచూకీ ఒక్కటీ రాలేదని శాఖ పెద్ద అధికారే 2012లో ప్రమాణం చేసి చెప్పాడు. 2014లో విభాగాన్ని మూసేశారు. 2016లో కోర్టు రాజీలో భాగంగా ఆ నివేదికను కూడా శాఖ తన వెబ్‌సైటు నుంచి తొలగించింది. కానీ ఆ చూపు పోలేదు.

ఇంకో రకం పరిశోధనా ఉంది. మార్క్ సేజ్‌మన్ ఒకప్పుడు సీఐఏలో పనిచేసినవాడు, మనోవైద్యుడు. మాకు చుట్టమేమీ కాదు. 2004 నాటి పుస్తకంలో 172 మంది జీవితాలు పరిశీలించాడు. పేదరికమో, మదర్సా చదువో, పిచ్చో వాళ్లను అటు నెట్టిందన్న వాదన నిలవలేదు. ఎక్కువమందిని లాక్కెళ్లింది స్నేహం, చుట్టరికం. పరాయి దేశంలో ఒంటరైన నలుగురు ఒకరినొకరు పట్టుకున్నారు. ఈ లెక్కలోనూ హింస వైపు పోనివాళ్లు లేరు, నిజమే. అయినా ఈ చూపులో మతం ఒక్కటే ముద్దాయి కాదు. అదే ముద్దాయి అయితే 1991లో శ్రీపెరుంబుదూర్‌లో నడుముకు బాంబు కట్టుకున్న ఎల్‌టీటీఈ మహిళను ఏ మెట్టు మీద నిలబెడతారు?

న్యూయార్క్ గొడవ మనకెందుకంటారా? ఆ నివేదిక వచ్చిన ఏడాదే, మే 18 శుక్రవారం, హైదరాబాద్ మక్కా మసీదులో నమాజుకొచ్చినవాళ్ల మీద బాంబు పేలింది. ఆ తర్వాత పోలీసు కాల్పుల్లోనూ మనుషులు పోయారు. చచ్చినవాళ్లు మేమే. పట్టుకుపోయిందీ మా బస్తీల కుర్రాళ్లనే. ఏ నివేదికా చదవకుండానే ఇక్కడ అదే లెక్క నడిచింది. కేసులు నిలవలేదు. తర్వాత ప్రభుత్వం పరిహారంతో పాటు సత్ప్రవర్తన పత్రాలిచ్చింది. నేరం చేయలేదని కాగితం జేబులో పెట్టుకు తిరగాల్సిన పౌరుణ్ని ఇంకెవరిలో చూశారు మీరు? దర్యాప్తు మరో దారి పట్టి, హిందూత్వ సంస్థలతో సంబంధమున్నవాళ్ల మీదికి పోయింది. 2018 ఏప్రిల్‌లో విచారణ ఎదుర్కొన్న ఐదుగురినీ కోర్టు వదిలేసింది. మసీదులో చంపిందెవరో ఆ తీర్పుతోనూ తేలలేదు.

అయితే మా వైపూ మేం చూసుకోవాలి. అదే 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కులో, గోకుల్ చాట్ దగ్గర నలభై మందికి పైగా చనిపోయారు. 2018 సెప్టెంబరులో శిక్ష పడినవాళ్లు మా పేర్లవాళ్లే. "ఇది ఇస్లాం కాదు" అనేసి చేతులు దులుపుకునే మా పెద్దలతో మాకు తగువుంది. ఆ కుర్రాళ్లు మాట్లాడుకున్న మాటలు మా గల్లీల్లో కూడా వినపడి ఉంటాయి. ఎదురు మాట మేం ఎందుకు చెప్పలేకపోయాం? ఈ ప్రశ్న మేం వేసుకోవాలి. కానీ ప్రతి నోటినీ నిఘా పెట్టి మూసేసిన చోట ఎదురు మాట చెప్పేవాడు కూడా నోరు విప్పడు. పక్కవాడు ఇన్‌ఫార్మరేమోనన్న భయంలో దారి తప్పినవాడితో వాదించేదెవరు?

హింసను ఆపాలంటే పేలుడు పదార్థం ఎక్కడినుంచి వచ్చింది, డబ్బెవరిచ్చారు, ఎవరు ఎవరిని కలిశారు అని వెతకండి. అది పోలీసు పని. మేం సాక్ష్యం చెప్తాం, ఎందుకంటే ఆ బాంబు మమ్మల్నీ చంపుతుంది. టోపీని, గడ్డాన్ని, నమాజును వెతికితే మీకు దొరికేది మేమే. నేరం చేసినవాడు మాత్రం మీ చేతికి దొరకడు.