ముసలానికి ముందటి కథ

'ప్రొమీథియస్' 2012 జూన్‌లో విడుదలైనప్పుడు నేను హైదరాబాద్‌లో ఎమ్మే విద్యార్థిని. హాల్లో జనం నవ్విన చోట్లు నాకింకా గుర్తున్నాయి. దొర్లుకుంటూ మీదికొస్తున్న పెద్ద ఓడ ముందు మెరిడిత్ విక్కర్స్ పక్కకి తప్పుకోకుండా తిన్నగా పరిగెత్తి దాని కింద పడి చచ్చిపోతుంది. అక్కడ నవ్వారు. పాములాంటి జీవి పడగెత్తితే జీవశాస్త్రవేత్త దాన్ని ముద్దు చెయ్యబోతాడు. అక్కడా నవ్వారు. మూడో నవ్వు ఎలిజబెత్ షా మీద. కడుపు కోయించుకుని, ఆ కోతకి లోహపు పిన్నులు కొట్టించుకుని, ఆ వెంటనే లేచి పరిగెత్తినందుకు. మొదటి రెండు నవ్వులతో నాకు పేచీ లేదు. ప్రపంచమంతా ఈ సినిమాలో తర్కం లేదని ఎత్తిచూపిన జాబితాల్లో అవి సరైన చోటే ఉన్నాయి. మూడో నవ్వు దగ్గరే నేను ఆగిపోయాను.

చూడనివాళ్ళ కోసం కొంచెం కథ. రిడ్లీ స్కాట్ 1979లో తీసిన 'ఏలియన్'లో ఒక సరుకు ఓడలో పనిచేసే కేన్ అనే మగవాడి మొహానికి ఒక జీవి కరుచుకుంటుంది. కొంతసేపటికి అది రాలిపోతుంది, అతను లేచి అందరితో కలిసి తిండికి కూర్చుంటాడు, అప్పుడు అతని రొమ్ము చీల్చుకుని పిల్ల బయటికొస్తుంది. మగ ప్రేక్షకుల్ని ఇబ్బంది పెట్టాలనే అలా రాశానని రచయిత డాన్ ఓబానన్ తర్వాత చెప్పుకున్నాడు. మనుషుల్లో చివరికి మిగిలేది రిప్లీ ఒక్కతే. 33 ఏళ్ళ తర్వాత అదే దర్శకుడు, ఇది ముందటి కథ అవునంటూ కాదంటూ, 'ప్రొమీథియస్' తీశాడు. మనుషుల్ని పుట్టించిన 'ఇంజినీర్ల'ని వెతుక్కుంటూ కొందరు దూరపు లోకానికి వెళ్తారు. షాకి పిల్లలు పుట్టరు. డేవిడ్ అనే మరమనిషి ఆమె సహచరుడికి ఒక నల్లటి చుక్క కలిపి తాగిస్తాడు. మర్నాటికి ఆమె మూడు నెలల గర్భిణి. లోపల ఉన్నది మనిషి బిడ్డ కాదు. తీసెయ్యమని ఆమె అడుగుతుంది. నిద్రపుచ్చి భూమికి తీసుకెళ్తామంటారు వాళ్ళు. అడ్డొచ్చినవాళ్ళని కొట్టి పారిపోయి, ఆపరేషన్లు చేసే యంత్రం దగ్గరికి వెళ్ళి సిజేరియన్ అడుగుతుంది. ఈ యంత్రం మగ రోగులకి మాత్రమే అని జవాబు. అప్పుడామె కడుపులో ఏదో పరాయి వస్తువు ఉందని చెప్పి, దాన్ని తియ్యమని మీటలు నొక్కుతుంది.

2024 వేసవిలో ఆత్రేయపురంలో, మా ఇంట్లో, ఈ రెండు సినిమాల్నీ వరసగా రెండు రాత్రులు వేశాను. చూసింది మా పెద్దమ్మ, పక్కింటి అత్తయ్య, పూతరేకులు తీసే ముగ్గురు. మాటల్ని నేను ఆపి ఆపి తెలుగులో చెప్పాను. దీన్ని సర్వే అనుకోకండి. ఐదుగురు ఆడవాళ్ళు, ఒక టీవీ, మధ్యలో రెండుసార్లు పోయిన కరెంటు.

కేన్ రొమ్ము పగిలినప్పుడు మా పెద్దమ్మ "ముసలం పుట్టిందే" అంది. ఆ మాట విన్నాక నాకు సినిమా మళ్ళీ మొదటినుంచి కనిపించింది. సాంబుడికి ఆడవేషం వేసి, కడుపు ఎత్తుగా కట్టి, ఈమెకి ఏ బిడ్డ పుడుతుందో చెప్పమని మునుల్ని ఆటపట్టిస్తారు యాదవ కుర్రాళ్ళు. ముసలం పుడుతుంది పొమ్మంటారు మునులు. పుడుతుంది. అరగదీసి సముద్రంలో కలిపినా తుంగగా మొలిచి వంశాన్ని మొత్తం తుడిచిపెడుతుంది. గర్భం మగవాళ్ళకి ఎగతాళి అయితే ఏమవుతుందో చెప్పే కథ మన దగ్గర ఇంత పాతది ఉండగా, ఇంట్లో గొడవ మొదలైందని చెప్పడానికి దాన్ని వాడుకుని ఊరుకున్నాం.

పురాణాలు విని పెరిగినవాళ్ళకి ముందటి కథ కొత్త కాదు. హిరణ్యకశిపుడి వెనక జయవిజయులున్నారు, వాళ్ళ వెనక శాపం ఉంది. "రేపటి దాంట్లో శాపం ఎవరిచ్చారో చెప్తాడా?" అని పెద్దమ్మ అడిగింది. రెండో రాత్రి ఆ జవాబు దొరకలేదు. మనుషుల్ని పుట్టించినవాళ్ళే ఎందుకు చంపాలనుకున్నారో సినిమా చెప్పదు. 2012లో ప్రేక్షకుల కోపంలో పెద్ద వాటా దీనిదే. మా ఇంట్లో దాని గురించి ఎవరూ కోప్పడలేదు. అత్తయ్య అడిగిన ప్రశ్న వేరు: "వాళ్ళలో ఆడవాళ్ళు లేరా?"

లేరు. తెరమీద కనిపించే ఇంజినీర్లందరూ కండలు తిరిగిన తెల్లటి మగ శరీరాలే. మొదటి దృశ్యంలో ఒకడు నల్లటి ద్రవం తాగి, జలపాతంలో కరిగిపోయి, జీవాన్ని పుట్టిస్తాడు. తల్లి అవసరమే పడలేదు. 'ఏలియన్'లో భయపెట్టేది ఆదిమ మాతృరూపమని బార్బరా క్రీడ్ 1986లో వ్యాసంగానూ, 1993లో పుస్తకంగానూ రాసింది. ఆ తల్లి భయంకరంగానైనా అక్కడ ఉంది. ముందటి కథ చెప్పే వంకతో 'ప్రొమీథియస్' ఆమె స్థానంలో వరసగా తండ్రుల్ని పెట్టింది: ఇంజినీరు, ముసలి కోటీశ్వరుడు వేలండ్, అతను 'కన్న' డేవిడ్. అంత మంది చూశారు, అన్ని లోపాలు ఎత్తిచూపారు. ఇది లోపంగా కనిపించినవాళ్ళు తక్కువ.

విక్కర్స్ తిన్నగా పరిగెత్తినప్పుడు మావాళ్ళు నవ్వలేదు. లొల్ల లాకుల దగ్గర షూటింగులు చూస్తూ పెరిగినవాళ్ళు కదా, "డైరెక్టరు అటే పరిగెత్తమని ఉంటాడు" అని తేల్చేశారు. నవ్వు యంత్రం మాట్లాడినప్పుడు వచ్చింది. మగ రోగులకి మాత్రమే అని నేను చెప్పగానే ఐదుగురూ పగలబడి నవ్వారు, సినిమా ఆపాల్సొచ్చింది. ఆ యంత్రం అసలు ఓడలో దాక్కున్న వేలండ్ కోసం పెట్టిందని, కాబట్టి అది రచయితల తెలివైన ఆధారమని మెచ్చుకునేవాళ్ళున్నారు. కావచ్చు. కానీ ఆ యంత్రం ఉన్నది విక్కర్స్ గదిలో, ఒక స్త్రీ ప్రాణం కాపాడుకోవడానికి కట్టిన భాగంలో. ఇందులో కల్పన కూడా తక్కువే. అమెరికాలో కొత్త మందుల తొలి దశ పరీక్షల నుంచి పిల్లల్ని కనగల వయసు స్త్రీలని తప్పించాలని 1977లో సూచనలిచ్చారు. వాటిని వెనక్కి తీసుకున్నది 1993లో.

అదే 1993లో మనకి 'నీలిమేఘాలు' వచ్చింది. కొండేపూడి నిర్మల 'లేబర్ రూం', పాటిబండ్ల రజని 'అబార్షన్ స్టేట్‌మెంట్' చదివినవాళ్ళకి షా పడుకున్న బల్ల పరాయిది కాదు. కవిత్వంలో ఇవేం మాటలని అప్పుడు ముక్కు చిట్లించినవాళ్ళకీ, షా పరుగు చూసి నవ్వినవాళ్ళకీ చుట్టరికం ఉందని నాకనిపిస్తుంది. స్త్రీ శరీరం ఎంతవరకు నమ్మదగ్గదో తేల్చే హక్కు తమదేనన్న ధీమా ఇద్దరిదీ.

పరుగు దృశ్యానికి రేకులు తీసే ఆమె జవాబు ఇది: "పరిగెత్తక ఏం చేస్తాదండీ? కూకుంటే మళ్ళీ పట్టుకెళ్ళి పడుకోబెట్టేస్తారు." ఇంకొకామె, పిల్లల ఆపరేషన్ అయిన పదకొండో రోజున తాను పొయ్యి దగ్గర కూర్చున్నానంది. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట, పిండిలో ముంచిన గుడ్డతో కుండ మీద తుడవడం, రేకు విడదీయడం, ప్రతి రేకుకీ నడుం ముందుకి వంచడం. పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ నడుముల లెక్క ఆ గుర్తింపులో లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో కాన్పుల్లో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం సిజేరియన్లు. దేశం మొత్తానికి 21.5. పెళ్ళయిన స్త్రీలలో దాదాపు 70 శాతం మంది పిల్లల ఆపరేషన్ చేయించుకున్నారు. మగవాళ్ళ ఆపరేషన్ ఒక శాతం కూడా లేదు. ఇలాంటి చోట కోత పడిన కడుపుతో లేచి నడవడం సైన్సు ఫిక్షన్ ఎలా అవుతుంది?

అయితే, ఓర్చుకున్నారు కాబట్టి గొప్పవాళ్ళు అనే పాట నేను పాడదలచుకోలేదు. ఆ ఆడవాళ్ళూ పాడలేదు. వాళ్ళకి నమ్మశక్యం కానిది తర్వాతి దృశ్యం. ఒళ్ళంతా నెత్తురుతో షా ఒక గదిలోకి తూలుకుంటూ వస్తుంది. అక్కడ వేలండ్‌కి సేవలు జరుగుతున్నాయి, డేవిడ్ అతని పాదాలు కడుగుతున్నాడు. "ముసలాడి కాళ్ళు కడుగుతున్నారు గానీ, ఏమైందమ్మా అని ఒక్కడు అడిగాడా?" అంది అత్తయ్య. తర్కం తెగిపోయింది ఆ గదిలో. పన్నెండేళ్ళ కింద మా హాల్లో నవ్వినవాళ్ళు దాన్ని మామూలుగా దాటేశారు.

రచయితలూ దాటేశారు. 2017లో వచ్చిన 'ఏలియన్: కవనెంట్'లో షా బతికి ఉండదు. తెగిపోయిన డేవిడ్ తలని ప్రయాణంలో ఆమే తిరిగి అతికించింది. వాడే ఆమెని చంపి, ఆమె శరీరం మీద ప్రయోగాలు చేశాడు. 2024 ఆగస్టులో వచ్చిన 'రోములస్'లో మళ్ళీ ఒక గర్భిణి కడుపే ప్రయోగశాల.

'ప్రొమీథియస్' చివర షా ఒంటరిగా, సంచీలో డేవిడ్ తల పెట్టుకుని, ఇంజినీర్ల లోకానికి బయల్దేరుతుంది. సినిమా అయ్యాక రేకులు తీసే ఆమె గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ, "ఆ పిల్ల చేరిందాండీ మరి?" అని అడిగింది. మూడో సినిమా సంగతి చెప్పాను. తల అతికించిన సంగతి కూడా చెప్పాను.

"అయితే ఆ మూడోది నాకెయ్యకండి, ఆయ్" అని వెళ్ళిపోయింది.