వజ్రగాథల్లో కూలివాడి చోటు

కిందటేడు ఒక సాహిత్య గోష్ఠిలో ఓ యువకవి కార్మికుణ్ణి బొగ్గుతో పోల్చి కవిత చదివాడు. భూగర్భంలో వేడికీ వత్తిడికీ నలిగి నలిగి బొగ్గు వజ్రమైనట్లే, కష్టాల్లో నలిగిన శ్రామికుడూ ఒకనాటికి వజ్రమై మెరుస్తాడని దాని సారాంశం. సభ చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. ముప్ఫయ్యేళ్ల కిందట అచ్చంగా అదే పోలికతో నేనూ ఒక కవిత రాసి వున్నాను మరి. సభ ముగిశాక ఎం.ఏ. తెలుగు చదువుతున్న ఒక అమ్మాయి వచ్చి అడిగింది: "మాస్టారూ, కొల్లూరు గనుల్లో వజ్రాలు తవ్వినవాళ్ల గురించి చదవాలంటే తెలుగులో ఏం చదవమంటారు?" నాకు ఒక్క పేరూ తోచలేదు. కోహినూరు గురించి అడిగివుంటే గంటసేపు చెప్పివుండేవాణ్ణి. ఆ సిగ్గులోంచి పుట్టింది ఈ వ్యాసం.

ముందు ఆ పోలిక సంగతి చూద్దాం. వజ్రం కర్బనమేనని 1797లో స్మిత్సన్ టెన్నంట్ వజ్రాన్ని కాల్చి నిరూపించాడు. బొగ్గులోనూ వున్నది ప్రధానంగా కర్బనమే. ఈ సగం సత్యాన్ని పట్టుకుని కవులు మిగతా సగం అల్లుకున్నారు. నిజానికి బొగ్గు చెట్టూ చేమా కుళ్లి పూడిపోగా ఏర్పడింది. వజ్రాల్లో చాలా భాగం నేలమీద మొక్క అనేది పుట్టకముందే, నూటయాభై కిలోమీటర్లకు మించిన లోతులో తయారయ్యాయి. కింబర్లైట్ అనే శిలాద్రవం వాటిని పైకి మోసుకొచ్చింది. ఆ శిల వానకూ ఎండకూ శిథిలమైతే, వాగులూ నదులూ వజ్రాలను గులకరాళ్లలో కలిపి పరిచాయి. ఈ కథలో బొగ్గుకు పాత్ర లేదు.

ఇది శాస్త్రంలో పొరపాటు మాత్రమే అయితే నేనింత గొడవ చెయ్యను. కవి భూగర్భశాస్త్రవేత్త కానక్కర్లేదు. కాని ఆ పోలిక చెప్పే నీతి ఏమిటి? వత్తిడి మంచిదనీ, భరిస్తే మెరుస్తావనీ! ఈ మాట గని యజమాని చెబితే మనం మండిపడతాం. అదే మాట మన కవితలో పోలిక వేషం వేసుకుని వస్తే చప్పట్లు కొడతాం. అభ్యుదయ కవిత్వంలోకి పాలకవర్గపు భావజాలం ఇలాగే అలంకార శాస్త్రం గుమ్మంలోంచి ప్రవేశిస్తుంది. రత్నాల విషయంలో ఇది ఈనాటిది కాదు.

మన ప్రాచీన రత్నపరీక్షా గ్రంథాలు చూడండి. బలుడనే అసురుణ్ణి దేవతలు యజ్ఞపశువును చేసి చంపారనీ, అతని శరీర భాగాలే రత్నాల బీజాలయ్యాయనీ, ఎముకలు వజ్రాలయ్యాయనీ గరుడపురాణం చెబుతుంది. ఈ కథలో ఒక గొప్ప స్ఫురణ వుందని నేను అనుకుంటాను. రత్నం వెనుక చంపబడిన ఒక శరీరం వుందని చెప్పిన జాతి ఊహాశక్తి తక్కువది కాదు. కాని ఆ వెంటనే శాస్త్రకారుడు రంగంలోకి దిగి వజ్రాలకు వర్ణాలు పంచుతాడు. తెల్లనిది బ్రాహ్మణ వజ్రం, నల్లనిది శూద్ర వజ్రం. మనిషికి పుట్టుకతో అంటగట్టిన మెట్టును రాతికీ అంటగట్టి, అది ప్రకృతి నియమమే సుమా అనిపించడం ఇందులోని కిటుకు. వజ్రానికి పసుపు రంగు ఇచ్చేది అందులో చిక్కుకున్న నైట్రోజన్ పరమాణువులనీ, నీలిరంగు ఇచ్చేది బోరాన్ అనీ ఇవాళ మనకు తెలుసు. ఆ పరమాణువులకు కులం లేదు. అయినా రాశిని బట్టి రాయి పెట్టుకోమనే పుస్తకాలు మన బస్టాండు దుకాణాల్లో ఈనాటికీ అమ్ముడుపోతూనే వున్నాయి.

ఇక విదేశీ యాత్రికుల సంగతి. పదమూడో శతాబ్దం చివరలో మార్కో పోలో మోటుపల్లి రాజ్యం గురించి రాశాడు. ఒక రాణి పరిపాలిస్తున్నదన్నాడు. ఆమె రుద్రమదేవి అని చరిత్రకారులు గుర్తించారు. అక్కడ వజ్రాలు దొరికే తీరులు మూడు చెప్పాడు. మొదటిది: వానలు పడి కొండల్లోంచి వరద దిగి పోయాక ఆ వాగుల్లో వెతికితే దొరుకుతాయి. రెండోది: పాములున్న లోయలోకి మాంసపు ముక్కలు విసిరితే, వాటికి అంటుకున్న వజ్రాలతో సహా గద్దలు పైకి తెస్తాయి. మూడోది: ఆ గద్దల గూళ్ల దగ్గర, రెట్టల్లో వెతకడం. ఈ గద్దల కథ ఆయన కళ్లారా చూసింది కాదు. నాలుగో శతాబ్దంలోనే సైప్రస్ బిషప్ ఎపిఫానియస్ దాదాపు ఇదే కథను మరో దేశానికీ మరో రత్నానికీ ముడిపెట్టి చెప్పాడు. సిందుబాదు యాత్రల్లోనూ ఇదే వుంది. మూడింటిలో మొదటిది నిజం. లోకం గుర్తుపెట్టుకున్నది రెండోది. ఎందుకని? వానలో తడిసి వాగులో వంగి వెతికే మనిషి కంటే పామూ గద్దా రసవత్తరంగా వుంటాయి గనక. పైగా గద్దకు కూలి ఇవ్వనక్కర్లేదు.

అసలు మనిషి ఎక్కడ కనిపిస్తాడు? చిత్రంగా, ఒక వర్తకుడి పుస్తకంలో కనిపిస్తాడు. ఫ్రెంచి రత్నవ్యాపారి జాన్ బాప్తిస్త్ తావెర్నియే పదిహేడో శతాబ్దంలో గోల్కొండ రాజ్యపు గనులు చూశాడు. 1676లో తన యాత్రలు అచ్చువేశాడు. కృష్ణ ఒడ్డున కొల్లూరులో దాదాపు 60,000 మంది పనిచేస్తున్నారని రాశాడు. మగవాళ్లు తవ్వుతారు, ఆడవాళ్లూ పిల్లలూ మన్ను మోస్తారు. పది, పన్నెండు, పద్నాలుగు అడుగుల దాకా, నీరు పడేవరకూ తవ్వకం. ఆ మన్నును గోడకట్టిన మడిలో పోసి నీళ్లతో నానబెడతారు. నీరు తీసి ఎండబెట్టి, ధాన్యం తూర్పారబట్టినట్టు చేటల్లో చెరుగుతారు. మిగిలిన గడ్డలను కర్రలతో దంచి, చేతులతో వెతుకుతారు. చెరగడం, దంచడం! ఈ క్రియలు ఏ తెలుగు పాఠకుడికి తెలియవు? మన కళ్లంలో వడ్లు చెరిగిన చేతులే మన వజ్రాలనూ చెరిగాయి.

తావెర్నియే వర్ణించిన మరో గనిలో, పని క్షుణ్ణంగా తెలిసిన కూలివాడికి ఏడాదికి దక్కేది 3 వరాహాలు. యాభైమంది కూలీలను పెట్టుకున్న వర్తకుడు వాళ్లమీద పన్నెండు పదిహేనుమంది కాపలాదార్లను పెడతాడు. కూలి చాలక కొందరు రాయి మింగేవారట. ఒకడు రెండు క్యారెట్లకు దగ్గరగా వున్న రాయిని కంటి కొసలో దాచుకోవడం తాను చూశానని రాశాడు. పెద్ద రాయి దొరికి యజమానికి అప్పగించినవాడికి బహుమానం: ఒక తలపాగా గుడ్డ, కొంత డబ్బు, కాస్త బియ్యం, ఒక పళ్లెం చక్కెర.

తావెర్నియే శ్రామిక పక్షపాతి ఏమీ కాడు. లాభం కోసం వచ్చాడు. రాయి ఖరీదు లెక్కగట్టేవాడికి కూలి ఖరీదు కూడా లెక్కలో రావాలి గనక కూలివాణ్ణి చూశాడు. మనం, అతని పక్షాన మాట్లాడుతున్నామనుకునే రచయితలం, చూడలేదు. ఈ తేడా విద్యార్థులు జాగ్రత్తగా గమనించాలి. రచయిత ఉద్దేశం ఒకటి, రచన వెల్లడించే వాస్తవం మరొకటి కావచ్చు.

ఆ తావెర్నియేనే తర్వాతి కథకులు ఏం చేశారో చూడండి. ఆయన ఇండియా నుంచి తీసుకుపోయిన పెద్ద నీలివజ్రాన్ని 1668లో పద్నాలుగో లూయీకి అమ్మాడు. 1792లో, ఫ్రెంచి విప్లవ కాలంలో, అది దొంగల పాలైంది. దానినుంచి కోసిందే ఇవాళ హోప్ వజ్రం అంటున్నది. 1958 నుంచి వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో వుంది. తావెర్నియే దాన్ని విగ్రహం కంట్లోంచి పీకాడనీ, ఆ శాపం తగిలి కుక్కలు అతణ్ణి చీల్చి చంపాయనీ ఇరవయ్యో శతాబ్దపు కథనాలు ప్రచారం చేశాయి. ఆయన ఎనభై దాటి బతికి 1689లో మాస్కోలో చనిపోయాడు. విగ్రహం కన్ను కథకు ఆయన పుస్తకంలో ఆధారం లేదు.

శాపం కథ చేసే పని ఒక్కటే. నేరాన్ని మనిషి మీంచి తీసి రాయి మీద పెడుతుంది. రాజు దోచాడు, కంపెనీ దోచింది అనకుండా, రాయి చెడ్డది అంటుంది. ఈ విషయంలో విల్కీ కాలిన్స్ 1868లో రాసిన ‘మూన్‌స్టోన్’ నవలకు కొంత న్యాయం చెయ్యాలి. 1799లో శ్రీరంగపట్నం దోపిడీలో ఒక ఇంగ్లీషు సైనికాధికారి హత్యచేసి వజ్రం కాజేయడంతో ఆ నవల మొదలుపెట్టే ధైర్యం అతనికి వుంది. కాని అక్కడ కూడా వజ్రం దేవుడి నుదుటి నుంచే మొదలవుతుంది. దానికి ముందు అది ఎవరి గంపలో వుందో ఆ నవల అడగదు.

మనం మాత్రం అడుగుతున్నామా? కోహినూరు అనగానే మనకు ఛాతీ పొంగుతుంది. 1849లో పదేళ్ల పిల్లవాడైన దులీప్ సింగ్ చేత కంపెనీ రాయించుకున్న లాహోరు ఒప్పందంతో అది ఇంగ్లాండు చేరింది. అది దోపిడీయే, సందేహం లేదు. కాని అది కొల్లూరులోనే దొరికిందనడానికి తిరుగులేని రుజువు లేదు. 1739లో నాదిర్షా ఢిల్లీని దోచుకోవడానికి ముందు దాని చరిత్రంతా మసకే. ప్రచారంలో వున్న పాత కథలో చాలా భాగం, డల్హౌసీ పురమాయింపు మీద థియో మెట్కాఫ్ అనే అధికారి ఢిల్లీలో పోగుచేసిన బజారు మాటలు. అంటే రుజువులేని రాయి మీద మనకు గర్వం వుంది. ప్రత్యక్షసాక్షి రాసిపెట్టిన అరవైవేలమంది మీద జ్ఞాపకం లేదు. రాయి తిరిగి రావాలని ఉపన్యాసాలిస్తాం. వస్తే రావచ్చు. అది ఏ అద్దాల పెట్టెలోకి వస్తుందో తెలుసు. తవ్వినవాడు మన సాహిత్యంలోకి ఎప్పుడు వస్తాడు?

‘అయితే అందం గురించి రాయకూడదా? జానపద కల్పనలన్నీ పారెయ్యాలా?’ అని మిత్రులు అడుగుతారు. నేనలా అనడం లేదు. బలాసురుడి కథ కల్పనే, కాని అందులో చంపబడినవాడు వున్నాడు. వాన వెలిశాక వాగులో వెతకడం కల్పన కాదు, అందులోనూ అందం వుంది. నా ఫిర్యాదు కల్పన మీద కాదు, మనిషిని తప్పించడానికి వాడుకునే కల్పన మీద. వజ్రం శాశ్వతమన్న మాట కూడా అలాంటిదే. 1947లో డి బీర్స్ కంపెనీ కోసం ఒక ప్రకటనల సంస్థ రాసిన వాక్యం అది. ఇవాళ పెళ్లి శుభలేఖల దాకా పాకింది. వజ్రం శాశ్వతం కాదు, కాలిపోతుంది. టెన్నంట్ కంటే పాతికేళ్ల ముందే, 1772లో, లవోజియే భూతద్దంతో సూర్యకాంతి పట్టి దాన్ని కాల్చాడు.

రాయడానికి వస్తువు లేదని ఎవరూ అనలేరు. కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర ప్రాంతాల్లో తొలకరి పడిందంటే పక్క జిల్లాల నుంచి కూడా జనం వస్తారు. అన్నం మూటలు కట్టుకుని, తలలు వంచుకుని దుక్కి చేలల్లో నడుస్తారు. మార్కో పోలో చెప్పిన మొదటి తీరు ఏడువందల ఏళ్ల తర్వాత కూడా మన కళ్లముందే సాగుతున్నది. దొరికిన రాయిని గుట్టుగా కొనే వ్యాపారులూ వుంటారు. ధర చెప్పేది వాళ్లు. వెతికే ప్రతివాడూ ఒక వాన కురిసినంతకాలం తన బతుకు మారుతుందనుకుంటాడు. ఆ ఆశ నిజమా, మత్తా? వ్యవసాయం గిట్టని ఏటికీ ఆ చేలల్లో జనం పెరగడానికీ సంబంధం ఏమిటి? రోజుకూలి వదులుకుని వచ్చిన తల్లి సాయంత్రం ఏం తీసుకుపోతుంది? సూరత్‌లో ముక్కకింత చొప్పున కూలికి వజ్రాలు సానబట్టే వారి కళ్ల సంగతేమిటి? వీటిలో ప్రతిదీ ఒక కథ. కాని అక్కడికి వెళ్లి వాళ్ల పక్కన వంగి నడిచి రాయవలసిన కథ.

కొల్లూరు ఇవాళ పులిచింతల జలాశయపు ముంపు ప్రాంతం. గని పుట్టుక గురించి తావెర్నియే అక్కడ విన్న మాట ఒకటి రాశాడు. అంతకు సుమారు వందేళ్ల ముందు ఒక పేదవాడు చిరుధాన్యం విత్తుకుందామని నేల తవ్వుతుంటే దాదాపు పాతిక క్యారెట్ల రాయి బయటపడిందట. అతను వెతికింది వజ్రం కాదు, తిండి. అతని పేరు ఎవరూ రాయలేదు.

ఆ అమ్మాయికి నేనింకా పుస్తకం పేరు చెప్పలేదు. తావెర్నియే పుస్తకంలో కొల్లూరు అధ్యాయం చదవమని మాత్రం ఉత్తరం రాశాను. నా పాత కవితను సంపుటి తర్వాతి ముద్రణలోంచి తీసేస్తున్నానని కూడా రాశాను.